పెళ్ళికి ఆలస్యంగా వచ్చే దేవుడు

2002లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ మిథాలజీ' ఆడినవాళ్లకు ఈ ఇరకాటం గుర్తుండే ఉంటుంది. జూస్‌ను కొలిచే ఆటగాడు రెండో యుగంలోకి అడుగుపెట్టబోతుంటే ఎథీనా కావాలా, హెర్మీస్ కావాలా తేల్చుకోమంటుంది ఆట. ఒకరి పేరు నొక్కితే రెండోవారి వరాలు ఆ ఆటకిక లేనట్టే. పై యుగంలో డయోనైసస్, అపోలో. ఆ పైన హీరా, హెఫైస్టస్. ప్రతి మెట్టు మీదా ఒకరికి దండం, ఇంకొకరికి మొండిచెయ్యి. 'డొమినియన్స్' వరుస ఆటలు ఇంకా నిక్కచ్చివి: దేవుడిననిపించుకోవాలని చూసేవాళ్లంతా కొట్టుకోగా చివరికి ఒక్కడే మిగలాలి. 2005 నాటి 'సివిలైజేషన్ 4'లో పొరుగు రాజుది వేరే మతమైతే చాలు, ఏ తగాదా లేకపోయినా అతని ముఖం మాడిపోతుంది. మతం ఒకటైతే పాత తగవుల్లోనూ కొంత మాఫీ.

ఆటలుగా ఇవి మంచివే. రాత్రుళ్లు నిద్ర చెడగొట్టగలిగిన ఆటను చెడ్డదని ఎవరంటారు? ఇబ్బందల్లా వీటి అడుగునున్న లెక్కతోనే. దేవుడు అసూయపరుడు, ఒకరికి పెట్టిన నైవేద్యం ఇంకొకరి పద్దులో బాకీగా పడుతుంది అన్నది ఆ లెక్క. దక్షిణ తమిళనాడులో, ఏళాయిరంపన్నై చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న లెక్క వేరు. అక్కడ దేవుళ్లు చాలామటుకు సర్దుకుపోతారు. అలిగేది వాళ్ల తరఫు మనుషులు. ఆట రాసేవాళ్లు కోపతాపాల కొలబద్దను తీసుకెళ్లి తప్పు చోట తగిలించారు.

ఏళాయిరంపన్నై విరుదునగర్ జిల్లా వెంబకోట్టై తాలూకాలోని ఊరు. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి నడుమ పరచుకున్న నల్లరేగడి. వాన కోసం ఆకాశం వైపు చూసే నేల. ఆ వాన మొహం చాటేసిన ఏళ్లలో అగ్గిపెట్టెలూ టపాకాయలూ కూడు పెట్టాయి. పాళెగాళ్ల కాలంలో ఇదొక పాళెం. మదురైని ఏలిన విశ్వనాథ నాయకుడు 16వ శతాబ్దంలో దేశాన్ని 72 పాళేలుగా పంచాడంటారు. విజయనగరం నాటి నుంచీ ఈ రేగడిలోకి తెలుగువాళ్లు విడతలు విడతలుగా దిగారు: కంబళత్తు నాయకర్లు, కమ్మ నాయుళ్లు, రెడ్డియార్లు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. ఆ వలస కథనే ఆయన 'గోపల్ల గ్రామం' నవలగా మలిచాడు. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

వలస వచ్చినవాళ్లు తమ వేలుపులనూ వెంట తెచ్చుకున్నారు. కంబళత్తు వారి జక్కమ్మ అలా వచ్చిందే. వచ్చి చూస్తే అప్పటికే అక్కడ మారియమ్మ ఉంది, పొలిమేరలో అయ్యనార్ ఉన్నాడు, కరుప్పసామి ఉన్నాడు, కొండమీద మురుగన్ ఉన్నాడు. కంప్యూటర్ ఆటలో అయితే ఇక్కడే మతం మార్చుకునే మీట నొక్కాలి, లేదా యుద్ధం ప్రకటించాలి. ఈ ఇళ్లలో జరిగింది అంతకంటే సాదాసీదాది. పెళ్లి పనులు మొదలుపెట్టేముందు మొక్కు కులదైవానికి. అమ్మవారు పోసినా, పిల్లకు ఒళ్లు కాలినా ముడుపు మారియమ్మకు. ఆడి శుక్రవారాల్లో ప్రయాణం సాత్తూరు అవతల, వైప్పారూ అర్జున నదీ కలిసే ఇరుక్కన్‌కుడికి. పంగుని ఉత్తిరం వస్తే కళుగుమలైకి. ఎవరి రోజు వాళ్లది, ఎవరి దారి వాళ్లది.

అయితే ఒకే ఆవరణలో ఇద్దరు దేవుళ్ల తిండి అలవాట్లు కుదరకపోతే? మదురై ప్రాంతపు ఊళ్లలో 1949-50లో తిరిగిన ఫ్రెంచి పరిశోధకుడు లూయీ ద్యూమో దీనికి జవాబు రాసిపెట్టాడు. అయ్యనార్ శాకాహారి, పక్కనే కాపలా ఉండే కరుప్పన్‌కు మేకపోతు కావాలి. ఇద్దరికీ గుడి ఒకటే. పోతును కరుప్పన్ ముందుకు తెచ్చేసరికి పూజారి వెళ్లి అయ్యనార్ ముందు ఒక గుడ్డ తెర లాగుతాడు. కోత అయ్యాక, నేల కడిగాక, తెర తీసేస్తాడు. సిద్ధాంత చర్చ లేదు, ప్రాయశ్చిత్తం లేదు. ఒక గజం గుడ్డతో పోయేదానికి ఆటలవాళ్లు ఇరవై గంటల మహాయుద్ధం రాస్తారు.

ఏళాయిరంపన్నై నుంచి పడమటికి వెళ్తే శంకరన్‌కోవిల్. పోటీ దేవుళ్ల సంగతి ఎత్తాక ఈ గుడిని దాటి వెళ్లడానికి వీల్లేదు. స్థలపురాణం ప్రకారం శంఖుడు, పద్ముడు అనే ఇద్దరు నాగులకు శివుడు గొప్పా, విష్ణువు గొప్పా అని వాదులాట వచ్చింది. తగవు గోమతి అమ్మవారి దగ్గరికి పోయింది. ఇద్దరినీ ఒకే రూపంలో చూపించమని ఆమె తపస్సు చేసింది, కుడివైపు శివుడు, ఎడమవైపు విష్ణువుగా శంకరనారాయణుడు కనిపించాడు. ఆడి మాసంలో జరిగే ఆడి తపసు ఉత్సవం ఆ తపస్సు పేరనే. ఈ కథలో కొట్టుకున్నది ఎవరో గమనించాలి. శివుడూ విష్ణువూ పల్లెత్తు మాట అనుకోలేదు. బుసలు కొట్టింది భక్తులు.

అక్కడితో ఆగితే అది ఒట్టి నీతికథ. అసలు తెలివంతా ఆ తర్వాత పూజ నడిపే పద్ధతిలో ఉంది. శివుడు అభిషేకప్రియుడు, విష్ణువు అలంకారప్రియుడు. సగం విగ్రహానికి నీళ్లు పోసి సగానికి పట్టుబట్ట కట్టడం ఎలా? శంకరనారాయణుడికి అలంకారమే చేస్తారు, అభిషేకం మాత్రం ఆ సన్నిధిలోని స్ఫటిక లింగానికి. వచ్చినవాళ్లకు విభూతీ అందుతుంది, తులసి తీర్థమూ అందుతుంది. శివుడికి విడిగా శంకరలింగ సన్నిధి, అమ్మవారికి విడిగా ఆమె సన్నిధి ఎలాగూ ఉన్నాయి. కలిపేశామని చెప్పి ఎవరి ఇల్లూ పడగొట్టలేదు.

శైవ వైష్ణవాలు తెలుగునాట తలలు పగలగొట్టుకోలేదని ఎవరూ అనరు. పల్నాటి కథ ఉండనే ఉంది. నెల్లూరు మనుమసిద్ధి కాలంలో తిక్కన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చింది ఊరికే కాదు. తిక్కన చేసింది కవి పని. పోటీని ఒక రూపంగా ఊహించి చూపాడు. దాన్ని పండగగా, జీతంగా, ఊరేగింపు దారిగా మార్చి నడిపించడం పాలకుడి పని. అందులో ఆరితేరినవాడి పేరు తిరుమల నాయకుడు.

1623 నుంచి 1659 వరకు మదురైని ఏలిన ఈ తెలుగు రాజుకు ఇద్దరు పెద్ద దేవుళ్లున్నారు. నగరం నడుమ మీనాక్షీ సుందరేశ్వరులు, ఊరికి ఉత్తరాన కొండ కింద అళగర్. ఒకరిది శైవం, ఒకరిది వైష్ణవం. మీనాక్షి పెళ్లి మాసి నెలలో జరిగేదట. చిత్తిరై పున్నమికి అళగర్ కొండ దిగి, మండూకముని శాపం తీర్చడానికి తేనూరు దగ్గర వైగైకి వచ్చేవాడట. కోతల కాలంలో తేరు లాగడానికి జనం దొరకక, పొలం పనులు లేని చిత్తిరైకి పెళ్లిని జరిపి, అళగర్‌ను మదురై దగ్గరి వైగైకి రప్పించి, రెండు ఉత్సవాలనూ తిరుమల నాయకుడు ఒకటి చేశాడని మదురైలో చెప్పుకుంటారు.

రెండు గుళ్లు, రెండు ఆగమాలు, రెండు జట్ల అర్చకులు. ఎవరు ఎవరింటికి వెళ్లాలి? ఎవరికి ఎవరు లేచి నిలబడాలి? జనం చెప్పే కథ ఈ చిక్కుముడిని ఎంత అందంగా విప్పిందో చూడండి. మీనాక్షికి అళగర్ అన్న. చెల్లెలి చెయ్యి పట్టుకుని ధారపోయాల్సినవాడు. కొండ దిగాడు, దారిలో వందల మండగప్పడుల దగ్గర ఆగాడు, ఆగిన ప్రతిచోటా ఏదో ఒక కుటుంబమో కులమో స్వాగతం చెప్పి మర్యాద అందుకుంది. వైగైలో దిగేసరికి కబురు తెలిసింది: పెళ్లి అయిపోయింది. అన్నకు కోపం వచ్చింది. ఊళ్లోకి రానన్నాడు, అటునుంచటే వండియూరుకు వెళ్లిపోయాడు. అక్కడ తుళుక్క నాచియార్ ఇంట రాత్రి గడిపాడు. ముస్లిం వేలుపును వైష్ణవ దేవుడి గడపలోకి తెచ్చిన ఈ మలుపు ఏ ఆట రచయితకూ తట్టి ఉండదు. మరి పెళ్లిపీటల దగ్గర అన్న స్థానం? తిరుప్పరంకుండ్రం నుంచి పవళక్కనివాయ్ పెరుమాళ్ వచ్చి కన్యాదానం చేసి వెళ్తాడు.

ఏటా ఈ ఆలస్యం తప్పదు. తప్పకూడదు కూడా. అన్న వేళకు వస్తే రెండు గుళ్లవాళ్లూ ఎదురెదురుగా నిలబడాలి, అప్పుడు మొదటి మర్యాద ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. ఆలస్యం వల్ల ఇద్దరూ ఒకే పండగలో ఉంటారు, ఒకరి వాకిట్లో ఒకరు నిలబడరు. జనానికి రెండు తిరునాళ్లు దక్కాయి, ఊరికి రెండింతల బేరం దక్కింది. అన్న అలకను కూడా అంతా కలిసి ముచ్చటగా చెప్పుకుంటారు.

దేవుళ్లు ఒకటైతే రాజులు స్నేహంగా ఉంటారన్న 'సివిలైజేషన్' సూత్రాన్ని ఈ రేగడిలోనే పరీక్షకు పెట్టవచ్చు. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం. రెండూ కంబళత్తు వారి పాళేలే. ఇద్దరి కులదేవతా జక్కమ్మే. ఇద్దరి భక్తీ మురుగన్ మీదే: పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన్‌ది తిరుచెందూరు మురుగన్, ఎట్టయపురం వారిది కళుగుమలై మురుగన్. తిరుచెందూరులో పూజ అయ్యాక మోగే గంట, దారి పొడవునా మండపాల్లో గంట తరువాత గంటగా పాంచాలంకురిచ్చి చేరితే తప్ప కట్టబొమ్మన్ భోజనానికి కూర్చునేవాడు కాదని చెప్పుకుంటారు. మాట ఒకటి, కులం ఒకటి, అమ్మవారు ఒకటి. 1799లో కుంఫిణీ సైన్యం వచ్చినప్పుడు ఎట్టయపురం నిలబడింది కుంఫిణీ పక్షాన. కట్టబొమ్మన్‌ను అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. అతని పాళెం భూముల్లో ఎట్టయపురానికి వాటా దక్కింది. తిరగబడ్డవారి వైపున్న ఏళాయిరంపన్నై, నాగలాపురం, కొల్లార్‌పట్టి వంటి పాళేలు పాళెగాళ్ల చేయి జారిపోయాయి. రెండు పాళేల మధ్య పొలిమేర తగాదా ముందు జక్కమ్మ ఏం చేయగలదు?

ఇక కళుగుమలై. ఏళాయిరంపన్నైకి దక్షిణాన, 8వ శతాబ్దంలో పాండ్యుల కాలాన కొండను తొలిచి సగంలో వదిలేసిన వెట్టువాన్ కోవిల్, జైన తీర్థంకరుల శిల్పాలు, కింద మురుగన్ గుడి, అన్నీ ఒకే గుట్టను పంచుకున్న ఊరు. చెన్నికుళం అణ్ణామలై రెడ్డియార్ అనే కవి ఇక్కడి మురుగన్ మీద తమిళంలో కావడిచ్చిందు రాసి 26 ఏళ్లకే కన్నుమూశాడు. ఇన్ని మతాల రాళ్లు పక్కపక్కన ఉన్నచోట దేవుళ్లకు చోటు చాలకపోవడం అనే మాటే ఉండదు. వీధి చాలలేదు.

ఆ ఊరు ఎట్టయపురం జమీనులోది. తేరు తిరిగే వీధుల్లో తమ ఊరేగింపులు కూడా సాగనివ్వాలని నాడార్ కులస్థులు 19వ శతాబ్దం చివర అడిగారు. జమీను కుదరదంది. కోర్టుల్లో కూడా వారికి చుక్కెదురైంది. అప్పుడు వారిలో పలువురు క్యాథలిక్ మతం పుచ్చుకుని, తేరు వీధిలోనే ప్రార్థన మందిరం పెట్టుకున్నారు. 1895 పంగుని ఉత్తిరం నాడు తేరు ఆ వాకిటి దగ్గరికి వచ్చేసరికి గొడవ రేగింది. జమీను మేనేజరుతో సహా పలువురు ప్రాణాలు పోయాయి. నాలుగేళ్లకు, 1899లో, శివకాశిలో గుడి ప్రవేశం తగాదా ఇంతకంటే పెద్ద మంటగా చుట్టుపక్కల పల్లెలకు పాకింది.

పైపైన చూస్తే ఇది మురుగన్‌కూ క్రీస్తుకూ పోటీ. ఆటలో అయితే తెరమీద అలాగే పడుతుంది. వరుస చూస్తే సంగతి తేటపడుతుంది. మొదట వాళ్లడిగింది తమ సొంత దేవుడి వీధే. అది దొరకలేదు కాబట్టి కొత్త దేవుడు వచ్చాడు. తెలుగు జమీను అని ఇక్కడ మొహమాటపడాల్సిన పని లేదు. మర్యాదల లెక్కలో తలపండిన ఇల్లు, శతాబ్దాలుగా వేలుపులను సర్దుకుంటూ వచ్చిన ఇల్లు, మనుషులను సర్దాల్సి వచ్చేసరికి మొండికేసింది. సంగీతం మీద అంత ప్రేమున్న సంస్థానం అది. ముత్తుస్వామి దీక్షితులు చివరి రోజులు గడిపింది అక్కడే. సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని 1904లో తెలుగులో అచ్చువేయించిందీ అక్కడే. ఇంత రసజ్ఞతా ఒక వీధి విషయంలో పనికిరాలేదు.

ఇలాంటి తగవును తీర్చడం అప్పటికి ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. విజయనగర రాజు బుక్కరాయలు 1368లో వేయించిన శాసనం శ్రవణబెళగొళలో ఉంది. వైష్ణవులు తమను బాధిస్తున్నారని జైనులు మొరపెట్టుకున్నారు. రాజు ఇరుపక్షాల పెద్దలనూ పిలిపించి, జైనుల చెయ్యి తీసి వైష్ణవుల చేతిలో పెట్టాడు. తీర్పులో తత్త్వం కంటే సామాను ఎక్కువ: పంచమహావాద్యాలూ కలశమూ జైనుల హక్కుగా సాగాలి. జైనులు ఇంటికి ఏడాదికో హణం చొప్పున ఇవ్వాలి. ఆ డబ్బును తిరుమల తాతయ్య వసూలు చేసి బెళగొళ దేవుడికి ఇరవై మంది కావలివాళ్లను పెట్టాలి. మిగిలిన సొమ్ముతో పాడుబడ్డ జినాలయాలను బాగుచేయించాలి. తగవు పెట్టుకున్నవాడి మతస్థుడి చేతికే అవతలివాడి గుడి కాపలా అప్పజెప్పడం! సోదరభావం గురించి మాట్లాడి ఊరుకోలేదు, ఏ వాద్యం ఎవరు మోగించాలో కూడా తేల్చాడు.

ఆటల్లో దీనికి దగ్గరగా వచ్చినది ఒకటుంది. 1999 నాటి 'కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్'. అందులో ఆటగాడు ఒక తెగను నడపాలి. తెగ మండలిలో ఏడుగురు పెద్దలు, ఒక్కొక్కరిదీ ఒక్కో దేవుడు, ఆ దేవుడి గుణాన్ని బట్టే వారిచ్చే సలహా. మండలిలో దేవుళ్ల రకాలు పెరిగితే తెగకు మేలు. గుడి కట్టి ఊరుకుంటే సరిపోదు, ఏటా దాని పోషణకు పశువులో సరుకో ఇస్తూ ఉండాలి. 2018లో వచ్చిన దాని తోబుట్టువు 'సిక్స్ ఏజెస్'లో పొరుగు జాతి కొలిచే గాలివాన దేవుళ్లు ఆటగాడి తెగకు గిట్టరు. అయినా ఆ పొరుగువాళ్లతో పశువుల దొంగతనాలూ పెళ్లిళ్లూ రెండూ నడపాల్సిందే. ఈ రెండింటి వెనకున్న డేవిడ్ డన్‌హమ్ బృందం ఒక ముఖ్యమైన సంగతి పట్టుకుంది. ప్రతి దేవుడి వెనకా మాట పడని ఒక మనిషి ఉంటాడు.

మన దగ్గర తయారైన ఆటలు ఇటు చూడలేదు. హైదరాబాదు ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన 'అసుర' అయినా, పుణెవాళ్లు 2020లో తెచ్చిన 'రాజీ' అయినా కత్తి తిప్పే ఆటలు. చూడముచ్చటగా ఉన్నాయి, సందేహం లేదు. ఒక్క పాళెం ఆట మాత్రం ఇంకా బాకీ. దేవుళ్లను బొమ్మలుగా ఆడిస్తే మనోభావాలు దెబ్బతింటాయన్న భయం కూడా ఇందులో అక్కర్లేదు. దేవుడు తెరమీదకే రాడు. ఆటగాడు జమీను మేనేజరు. అతని బల్లమీద ఉండేవి ఇవి: పంచాంగం, వీధుల పటం, తలకు చుట్టే పరివట్టం ఒకే ఒక్కటి, దాని కోసం వరుసలో నిలబడ్డ నాలుగు కులాల పెద్దలు. మొదట ఎవరికి చుడతావు? పోయిన ఏడు ఎవరికి చుట్టావు? తేరు ఏ మూల తిరగాలి? వాన రాలేదు, మారియమ్మ జాతర ముందుకు జరపమంటున్నారు, ఆ రోజే మురుగన్ పల్లకీ ఉంది. ఆలస్యం అన్న మీట కూడా ఉండాలి. అది చాలా విలువైన మీట, అందుకని ఏడాదికి ఒక్కసారే నొక్కనివ్వాలి.

కళుగుమలై ఘట్టంలో మీట పనిచేయకూడదు. అక్కడ వీధి తెరవడం, తెరవకపోవడం, రెండే దారులు.

ఇంకాస్త కష్టమైన ఘట్టం కావాలంటే 1939 మదురై ఉంది. జూలై 8న కాంగ్రెస్ నాయకుడు వైద్యనాథ అయ్యర్ కొందరు దళితులను, ఒక నాడారును వెంటబెట్టుకుని మీనాక్షి గుడిలోకి నడిచాడు. ఆలయ కార్యనిర్వహణాధికారి ఆర్.ఎస్. నాయుడు వారికి అండగా నిలిచాడు. కొందరు అర్చకులు ఇక ఆ గుడిలో పూజ చేయబోమన్నారు. మద్రాసు ప్రభుత్వం ఆ ఏడే ఆలయ ప్రవేశానికి రక్షణగా చట్టం తెచ్చింది. ఆ రోజు నాయుడి కుర్చీలో ఆటగాడిని కూర్చోబెట్టాలి. గర్భగుడికి తాళం వేసుకుపోయినవాళ్ల కోపం, గడప మొదటిసారి దాటినవాళ్ల నమ్మకం, వెలుపల కాచుక్కూర్చున్న కోర్టు, ఈ మూడింటికీ మూడు కొలబద్దలు ఇవ్వవచ్చు. మీనాక్షికి విడిగా కొలబద్ద అక్కర్లేదు.